ముగ్గురు అల్లుళ్లు, ఒకే గద్దె (గోల్కొండ గాథ – 9వ భాగం)

అబ్దుల్లా కుతుబ్ షాకు ముగ్గురు కూతుళ్లు. కొడుకులు లేరు. 1626 నుంచి 1672 దాకా గోల్కొండను ఏలిన ఈ పాదుషా ఇంట మగబిడ్డ లేకపోవడం ఆ రాజ్యం తలరాతనే మార్చింది. పెద్దమ్మాయి పెళ్లితో మక్కా నుంచి వచ్చిన ఒక సయ్యద్ దర్బారుకు పెద్దదిక్కయ్యాడు. రెండో అమ్మాయి పెళ్లితో కోటను చుట్టుముట్టిన మొగల్ సేన వెనక్కి మళ్లింది. మూడో అమ్మాయి పెళ్లినాడు ఆఖరి గడియలో పెళ్లికొడుకే మారిపోయాడు. అలా పీటల మీదికి వచ్చినవాడే కడకు గద్దె ఎక్కాడు, కుతుబ్ షాహీలలో చివరివాడయ్యాడు.

గత భాగంలో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కథ చూశాం. పదిహేనో ఏట గద్దెనెక్కి, 1591లో చార్మినార్ నిలిపి, దాని చుట్టూ హైదరాబాదు నగరాన్ని పెంచి, దక్కనీ భాషలో వేల పాదాలు రాసి, 1612 జనవరిలో కన్నుమూసిన రాజు ఆయన. వసంతానికి దీటుగా మృగశిర కార్తెతో దిగే తొలకరినీ ఆయన పద్యాల్లో పండుగగా చేసుకున్నాడు. తన మహళ్లలోని పన్నెండుగురు ప్రియసఖుల మీద కవిత్వం చెప్పాడు. అంతమంది రాణులున్నా ఆయనకు దక్కిన సంతానం ఒక్కతే. ఆమె హయాత్ బక్షీ బేగం. ఈ భాగం నిజానికి ఆమెతో మొదలై ఆమె మనవరాళ్లతో ముగుస్తుంది.

అదే కాలానికి కాస్త అటూఇటూగా ఇంగ్లండులోనూ ఇదే చిక్కు వచ్చింది. అక్కడి ట్యూడర్ వంశపు ఎనిమిదో హెన్రీ 1509లో రాజయ్యాడు. మన శ్రీకృష్ణదేవరాయలు పట్టానికి వచ్చిందీ ఆ ఏడాదే. మగ వారసుడి కోసం హెన్రీ ఆరు పెళ్లిళ్లు చేసుకున్నాడు. మొదటి భార్య నుంచి విడిపోవడానికి పోపు ఒప్పుకోకపోతే రోమ్‌తో బంధమే తెంచుకున్నాడు. ఇద్దరు భార్యల తలలు తీయించాడు. ఇంత చేస్తే దక్కిన ఒక్క కొడుకు ఎడ్వర్డ్ పదిహేనేళ్లకే పోయాడు. ఆ తర్వాత సింహాసనం కూతుళ్లకే వచ్చింది. 1553లో మేరీ, 1558లో ఎలిజబెత్ తమ పేరుతోనే రాజ్యం చేశారు. ముహమ్మద్ కులీ హైదరాబాదు కట్టిస్తున్నప్పుడు లండన్‌లో కిరీటం ఎలిజబెత్ తల మీద ఉంది.

గోల్కొండలో ఆ దారి లేదు. ఇక్కడ గద్దె కూతురి వెంట నడిచేది గానీ కూతురికి దక్కేది కాదు. ఆడపిల్లలే ఉన్న తెలుగింట ఆస్తి నిలవడానికి ఇల్లరికం తెచ్చుకున్నట్టే, కుతుబ్ షాహీ ఇంట రాజ్యం నిలవడానికి అల్లుణ్ని తెచ్చుకున్నారు. ఆ అల్లుడు ఎవరన్న ప్రశ్న చుట్టూ ఇరాన్, మక్కా, ఢిల్లీ, బీజాపూర్ అన్నీ తిరిగాయి.

ఇంటి పిల్లను ఇంట్లోనే

హయాత్ బక్షీ పెళ్లీడుకు వచ్చేనాటికే ఆమె చేయి కోరిన సంబంధం చిన్నది కాదు. 1603లో ఇరాన్ పాదుషా షా అబ్బాస్ తన రాయబారి అగ్జలూ సుల్తాన్‌ను కానుకలతో గోల్కొండకు పంపాడు. పాదుషా కొడుకుల్లో ఒకరికి గోల్కొండ రాకుమార్తెను అడగడం కూడా ఆ రాయబారం పనుల్లో ఒకటి. కుతుబ్ షాహీలు షియాలు. ఇరాన్ షా పేరును ఖుత్బాలో, అంటే శుక్రవారపు మసీదు ప్రసంగంలో, చదివించుకున్న వంశం వాళ్లది. అలాంటి చోటు నుంచి వచ్చిన సంబంధాన్ని ముఖాన కాదనడం కష్టం. అవునంటే ఒక్కగానొక్క కూతురు సముద్రం దాటి పోతుంది, ఆమెతోపాటు గద్దె మీద హక్కూ పోతుంది. రాయబారి ఏళ్ల తరబడి నగరంలోనే ఉండిపోయాడు. మర్యాదలకు లోటు రాలేదు, జవాబు మాత్రం రాలేదు.

చివరికి 1607లో ముహమ్మద్ కులీ తన కూతుర్ని తమ్ముడు ముహమ్మద్ అమీన్ కొడుకుకే ఇచ్చి చేశాడు. అతని పేరు సుల్తాన్ ముహమ్మద్. తండ్రి చిన్నతనంలోనే పోతే పెదతండ్రి పంచన పెరిగినవాడు. వంశం బయటకు పోలేదు, రాజ్యం బయటకు పోలేదు. 1612లో మామ పోగానే అల్లుడు పాదుషా అయ్యాడు. మామకు ఉన్న విలాసాలు అల్లుడికి లేవు. మక్కా మసీదు పని మొదలుపెట్టింది ఇతనే. మామ కవిత్వమంతా పోగుచేసి 1616లో ఒక గ్రంథంగా కూర్పించిందీ ఇతనే. ముహమ్మద్ కులీ దక్కనీ కవిత ఈనాడు మనకు అందడానికి ఆ అల్లుడి శ్రద్ధే కారణం.

హయాత్ బక్షీకి 1614 నవంబరులో కొడుకు పుట్టాడు. అతనే అబ్దుల్లా. జాతకం చూసిన జ్యోతిషులు పన్నెండేళ్లు నిండేదాకా తండ్రీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూడరాదన్నారట. పిల్లవాణ్ని వేరే మహలులో పెంచారు. గడువు పూర్తిగా తీరకముందే సుల్తాన్ ముహమ్మద్ కొడుకును చూశాడని, ఆ వెంటనే జబ్బుపడి పోయాడని ఆ కాలపు కథనం. జాతకం సంగతి ఎలా ఉన్నా 1626లో పాదుషా ముప్పై దాటిన వయసులోనే చనిపోయాడు. అబ్దుల్లా పన్నెండో ఏట గద్దెనెక్కాడు. రాజ్యం పగ్గాలు తల్లి చేతికి వచ్చాయి.

మా సాహెబా

కూతురు, భార్య, తల్లి. ముగ్గురు పాదుషాలకు మూడు వరసల్లో దగ్గరైన మనిషి హయాత్ బక్షీ. రాజ్యంలో ఆమెను ‘మా సాహెబా’ అని పిలిచేవారు. నగరంలోని మాసాబ్ ట్యాంక్ పేరు ఆ పిలుపు నుంచే వచ్చిందని చెబుతారు. నగరానికి తూర్పున, మచిలీపట్నం దారిలో, ఆమె పేరుతోనే హయాత్‌నగర్ వెలసింది. అక్కడ మసీదు, బాటసారులు దిగే సరాయి, ఏనుగులకు నీళ్లు తోడే పెద్ద బావి కట్టారు. ఆ మసీదు, ఆ ఏనుగుల బావి ఇప్పటికీ ఉన్నాయి. వజ్రాలు, కలంకారీ బట్టలు రేవుకు వెళ్లే దారి అది. అక్కడ సరాయి కట్టడమంటే పుణ్యంతోపాటు రాజ్యానికి సుంకం తెచ్చే వర్తకులకు నీడ కల్పించడం. ఆ లెక్క ఆమెకు తెలుసు.

తల్లిగా ఆమె ఎలాంటిదో చెప్పే కథ ఒకటి హైదరాబాదు మొహర్రంలో నిలిచిపోయింది. అబ్దుల్లా బాలుడిగా ఉన్నప్పుడు ఎక్కిన ఏనుగుకు మదమెక్కి, మావటిని చంపి, పిల్లవాణ్ని మోసుకుంటూ అడవి పట్టిందట. ఎక్కడ తిరుగుతుందో తెలియదు, దగ్గరికి పోయే ధైర్యం ఎవరికీ లేదు. కొడుకు దారిలో ఎక్కడ దిక్కుతోచక ఉంటాడోనని తల్లి చెట్లకు అన్నం మూటలు, నీళ్లు కట్టించిందట. క్షేమంగా వస్తే ఏనుగు కాలికి వేసే గొలుసంత బరువైన బంగారు గొలుసు హుసైనీ ఆలం దగ్గర సమర్పిస్తానని మొక్కుకుంది. పిల్లవాడు తిరిగొచ్చాడు. ఆమె మొక్కు తీర్చి ఆ బంగారాన్ని బీదలకు పంచింది. ఏనుగు గొలుసును లంగర్ అంటారు. మొహర్రం రోజుల్లో జరిగే లంగర్ ఊరేగింపు అలా పుట్టిందని చెప్పుకుంటారు. ఆ ఊరేగింపు తర్వాత నిజాముల కాలంలోనూ పెద్ద వేడుకగా సాగింది.

కూతురి విషయంలోనూ ఆమె ఆలోచన తక్కువది కాదు. అబ్దుల్లా సోదరి ఖదీజా సుల్తానాను 1633లో బీజాపూర్ సుల్తాన్ ముహమ్మద్ ఆదిల్ షాకు ఇచ్చారు. దక్కన్ సుల్తానులకు ఇలాంటి వియ్యాలు కొత్త కాదు. తళ్లికోట యుద్ధానికి ముందు అహ్మద్‌నగర్, బీజాపూర్, గోల్కొండ ఒక్కటైంది కూడా పెళ్లిళ్లతోనే. కానీ ఖదీజా అత్తింట్లో కూర్చుండిపోయిన కోడలు కాదు. భర్త పోయాక యువకుడైన అలీ ఆదిల్ షాకు అండగా నిలిచి ‘బడీ సాహెబా’ అనిపించుకుంది. దక్కనీలో పెద్ద కావ్యం రాయించింది. 1661లో డచ్చివారి ఓడలో మక్కా యాత్రకు వెళ్లింది. తల్లి నుంచి ఆమె నేర్చుకున్నది ఏమిటో ఆ జీవితమే చెబుతుంది.

అబ్దుల్లా మాత్రం తల్లి గట్టితనం అబ్బని మనిషి. పాటలన్నా, నాట్యమన్నా ప్రాణం పెట్టేవాడు. తారామతి, ప్రేమామతి పేర్లు ఆయన పేరుతోనే ముడిపడి ఉన్నాయి. ఆ ఇద్దరి సమాధులూ గోల్కొండ దగ్గర రాజుల సమాధుల తోటలోనే ఉన్నాయి. మువ్వ క్షేత్రయ్య గోల్కొండ కొలువులో పదాలు చెప్పింది కూడా ఈ కాలంలోనే. కళల వరకూ అది మంచి కాలం. రాజనీతిలో కాదు. 1636లో మొగల్ పాదుషా షాజహాన్ సేనలు దక్కన్‌కు దిగగానే అబ్దుల్లా లొంగుబాటు పత్రం రాసిచ్చాడు. ఖుత్బాలో ఇరాన్ షా పేరు పోయి షాజహాన్ పేరు వచ్చింది. ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం కట్టాలన్న ఒప్పందం కుదిరింది. అప్పట్లో హొన్నుకు నాలుగు రూపాయలు. క్రమంగా హొన్ను ధర నాలుగున్నరకు, ఐదుకు పెరిగింది. పెరిగిన తేడా అంతా బాకీ కింద కట్టమని తర్వాత ఔరంగజేబు పట్టుబట్టాడు. పెళ్లి కబురుకు ముందు వచ్చిన అప్పుల కబురు ఇదే.

కోట గుమ్మంలో కూర్చున్న మక్కావాడు

పెద్ద కూతురికి వరుడు దొరికిన తీరును ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే రాసిపెట్టాడు. గోల్కొండకు పలుమార్లు వచ్చిన మనిషి, వజ్రపు గనులు చూసినవాడు, దర్బారు ముచ్చట్లు చెవిన వేసుకునేవాడు. ఆయన చెప్పినదాని ప్రకారం మక్కా పెద్దల కుటుంబానికి చెందిన ఒకతను ఫకీరు వేషంలో వచ్చి కోట గుమ్మం బయట మకాం పెట్టాడు. ఎందుకొచ్చావని ఎవరడిగినా పలకలేదు. నెలలు గడిచాయి. అరబ్బీ బాగా వచ్చిన రాజవైద్యుడు మాటల్లో పెట్టి చూస్తే చదువుకున్నవాడని, గొప్పింటివాడని తెలిసింది. దర్బారు పెద్దలు పాదుషా ముందుకు తీసుకెళ్లారు. అక్కడ తన మనసులో మాట చెప్పాడు: రాకుమార్తెను పెళ్లాడటానికి వచ్చాను!

సభంతా నవ్వింది. పిచ్చివాడనుకున్నారు. అతను పట్టు విడవకపోవడంతో బంధించి, మచిలీపట్నం పంపి, మక్కా వెళ్లే ఓడ ఎక్కించారు. రెండేళ్ల తర్వాత మళ్లీ గోల్కొండలో తేలాడు. ఈసారి దర్బారులో మెల్లగా చోటు సంపాదించాడు, మంచి పేరు తెచ్చుకున్నాడు, అడిగిన పిల్లనే పెళ్లాడాడు.

తవెర్నియే కథలో వర్తకుల సత్రంలో చెప్పుకునే రుచి ఉంది. అందులో ఎంత పెంచారో గానీ అల్లుడు మాత్రం నిజం. అతను హిజాజ్ నుంచి వచ్చిన సయ్యద్ నిజాముద్దీన్ అహ్మద్. పండితుడు, పట్టుదల గలవాడు. మామ పేరుకు పాదుషాగా ఉంటే రాజ్యపు పనులు ఇతని చేతుల మీదుగా నడిచేవి. మొదటి భార్య కొడుకు అలీఖాన్ ఇబ్న్ మాసూమ్‌ను కూడా మక్కా నుంచి హైదరాబాదుకు రప్పించుకున్నాడు. ఆ కుర్రవాడు పెద్దయ్యాక అరబ్బీ కవుల మీద రాసిన సంకలనం అరబ్బు దేశాల్లో నేటికీ చదువుతారు. దాన్ని రాసింది మన దక్కన్‌లో కూర్చునే.

ఉత్తరం నుంచి వచ్చిన పెళ్లికొడుకు

రెండో పెళ్లికి మూలం ఒక వజ్రాల వ్యాపారి. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి బీదవాడిగా వచ్చిన ముహమ్మద్ సయీద్ వజ్రాల వర్తకంలో సంపన్నుడై, గోల్కొండకు మీర్ జుమ్లా, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు. కర్ణాటక మీదికి దండెత్తి గండికోటను గెలిచాడు. సొంత సేన, సొంత ఫిరంగులు, సొంత గనులు ఏర్పడ్డాక సేవకుడి సంపద పాదుషా సంపదతో పోటీపడింది. అబ్దుల్లాకు అనుమానం, మీర్ జుమ్లాకు భయం. భయం ముదిరి అతను లోపాయికారీగా మొగలులతో మాటలు కలిపాడు.

ఆ నిప్పును మండించింది అతని కొడుకు ముహమ్మద్ అమీన్. తాగిన మత్తులో దర్బారుకు వచ్చి పాదుషా తివాచీ మీదే పడి దాన్ని పాడుచేశాడని చెబుతారు. 1655 నవంబరులో అబ్దుల్లా అతన్నీ, అతని తల్లినీ, ఇంటివాళ్లనూ బంధించాడు. ఇలాంటి సాకు కోసమే దక్కన్ సుబేదారు ఔరంగజేబు కాచుకున్నాడు. ఖైదీలను విడవమని ఢిల్లీ నుంచి వచ్చిన ఆజ్ఞ అమలయ్యేలోగానే తన పెద్దకొడుకు ముహమ్మద్ సుల్తాన్‌ను సేనతో నాందేడ్ నుంచి కదిలించాడు. కుర్రవాడికి పదహారేళ్లు. అతను తన పెదతండ్రి షుజా కూతుర్ని పెళ్లాడటానికి బెంగాల్ వెళ్తున్నాడని చెప్పి గోల్కొండను ఏమరపాటులో ఉంచారని కొన్ని కథనాలు.

నాందేడ్ ఉన్న దిక్కుకు ఈనాడు హైదరాబాదు నుంచి వెళ్లే పెద్ద రహదారి మేడ్చల్ మీదుగా కామారెడ్డి వైపు పోతుంది. ఆ ఉత్తర దిక్కు నుంచే 1656 జనవరిలో మొగల్ సేన వచ్చిపడింది. జనవరి 22 రాత్రి అబ్దుల్లా హైదరాబాదు మహళ్లు వదిలి గోల్కొండ కోటలోకి పారిపోయాడు. మర్నాడు మొగలులు హుస్సేన్‌సాగర్ దగ్గర దిగారు. మేడ్చల్, శామీర్‌పేట జనం సికింద్రాబాద్ దాటి నగరంలోకి వస్తూ రోజూ చూసే చెరువే అది. దాన్ని దగ్గరుండి తవ్వించిన హుస్సేన్ షా వలీ కూడా ఒక కుతుబ్ షాహీ అల్లుడే, ఇబ్రహీం కుతుబ్ షా కూతురి భర్త. ఆ అల్లుడు నీళ్లు నిలిపిన చోట, కాబోయే ఈ అల్లుడు ఫిరంగులు దించాడు.

నగరం దోపిడీ అయింది. మహళ్లలోని పుస్తకాలు, తివాచీలు, వెండి బంగారాలు, ఏనుగులు, గుర్రాలు చేతులు మారాయి. ఫిబ్రవరి 6న ఔరంగజేబు స్వయంగా వచ్చి గోల్కొండను ముట్టడించాడు. అతనికి కావలసింది కప్పం బాకీ కాదు, రాజ్యం మొత్తం. అబ్దుల్లా మనుషులు ఢిల్లీ వెళ్లి ఔరంగజేబు అన్న దారా షికోను పట్టుకున్నారు. తమ్ముడు బలపడటం దారాకు ఇష్టం లేదు. ఇక్కడేమో హయాత్ బక్షీ కోట దిగి వచ్చింది.

ఈ ఘట్టం దగ్గర ఆగాలి. అప్పటికి ఆమె పెద్దవయసు మనిషి. భర్త పోయి ముప్పై ఏళ్లు. కోట చుట్టూ శత్రువు ఫిరంగులున్నాయి. కొడుకు బయటికి వచ్చే ధైర్యం చేయలేదు. పల్లకీలో ఆమె వచ్చింది. మొగల్ శిబిరంలో ఆమెను మర్యాదతో ఎదుర్కొని ముహమ్మద్ సుల్తాన్ డేరాకు తీసుకెళ్లారు. తర్వాత ఆమె ఔరంగజేబుతో మాట్లాడింది. కొడుకు ప్రాణం, కొడుకు రాజ్యం అడిగింది. కోటి రూపాయల పరిహారానికీ, మనవరాలిని ముహమ్మద్ సుల్తాన్‌కు ఇవ్వడానికీ ఒప్పుకుంది. దక్కన్‌లో అంత పెద్ద బేరం అంతఃపుర స్త్రీ ఒకతె శత్రు శిబిరంలో కూర్చుని కుదర్చడం అరుదు. అబ్దుల్లాకు ఆ తర్వాత దక్కిన పదహారేళ్ల పాలన ఆమె పుణ్యమే.

మార్చి 30న షాజహాన్ ఆజ్ఞతో ముట్టడి ఎత్తేశారు. ఏప్రిల్ మొదట్లో నిఖా జరిగింది. పెళ్లికొడుకు కోటలోకి రాలేదు, తరఫు మనుషులతోనే తంతు నడిపించి పెళ్లికూతుర్ని శిబిరానికి పంపారు. మేళతాళాల నడుమ ఊరేగింపుగా రావలసిన పెళ్లికొడుకు ముట్టడి సేన మధ్య డేరాలో కూర్చున్నాడు. కట్నంగా రామగిరి సీమ పోయింది. ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లా అదే. శామీర్‌పేట దాటి కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి నేడు ఆ దిక్కుకే పోతుంది. అబ్దుల్లా తర్వాత గద్దె ఈ అల్లుడిదేనన్న రహస్య ఒప్పందం కూడా రాసుకున్నారు. పెద్దల్లుడు నిజాముద్దీన్ ఇంట్లో ఉండగానే రాజ్యం ఇంకొకరికి మాటిచ్చినట్టయింది.

ఆ మాట నెరవేరలేదు. షాజహాన్ కొడుకుల మధ్య గద్దె కోసం వచ్చిన పోరులో ముహమ్మద్ సుల్తాన్ 1659లో తండ్రిని వదిలి పెదతండ్రి షుజా పక్షాన చేరాడు, అతని కూతుర్ని పెళ్లాడాడు. తిరిగొచ్చాక ఔరంగజేబు కొడుకని చూడలేదు. గ్వాలియర్ కోటలో ఖైదు చేశాడు. 1676లో అతను చెరలోనే చనిపోయాడు. కట్నంగా పోయిన సీమ పేరు, పరిహారపు రూపాయలు, పట్టుకెళ్లిన ఏనుగులు చరిత్రకారులు లెక్క తప్పకుండా రాశారు. తాత తండ్రుల రాజ్యం కోసం శత్రువు డేరాకు వెళ్లిన ఆ అమ్మాయి బతుకు గురించి రాసింది చాలా తక్కువ. ఇది ఆ గ్రంథాల్లో పెద్ద లోటు.

పెళ్లిపందిట్లో మారిన వరుడు

హయాత్ బక్షీ 1667లో కన్నుమూసింది. ఆమె ఉన్నంతకాలం ఇంటి గొడవలకు ఒక హద్దు ఉండేది.

మూడో అమ్మాయి పెళ్లి కథను మొగల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ తీరిగ్గా చెప్పాడు. ఈమెకు సయ్యద్ సుల్తాన్ అనే మరో గొప్పింటి యువకుణ్ని నిశ్చయించారు. పెద్దల్లుడు నిజాముద్దీన్‌కు, ఇతనికి వంశ గౌరవం విషయంలో మాటామాటా వచ్చి పగ పెరిగింది. గద్దెకు ఇంకొక పోటీదారు ఇంట్లోకి రావడం పెద్దల్లుడికి ఎలాగూ గిట్టదు. నగరంలో దీపాలు వెలిగాయి, మెహిందీ వేడుక అయింది, వరుణ్ని స్నానానికి కూర్చోబెట్టారు. ఆ గడియలో నిజాముద్దీన్ తేల్చి చెప్పాడు: ఈ పెళ్లి జరిగితే తాను ఔరంగజేబు దగ్గరికి వెళ్లిపోతానన్నాడు. రాజ్యపు గుట్టుమట్లన్నీ తెలిసిన మనిషి శత్రువు పంచన చేరితే ఏమవుతుందో మీర్ జుమ్లా విషయంలో గోల్కొండ చూసింది. అబ్దుల్లా హడలిపోయాడు.

పెళ్లి ఆపితే పరువు పోతుంది. వరుణ్ని మార్చాలి. వెదికితే దొరికినవాడు అబుల్ హసన్. తండ్రి వైపు నుంచి కుతుబ్ షాహీ రక్తమే, కానీ దర్బారుకు దూరంగా సూఫీ గురువు షా రాజూ ఆశ్రయంలో ఏళ్లుగా శిష్యరికం చేస్తున్నాడు. అతన్ని రప్పించి, స్నానం చేయించి, ఇంకొకరికి కుట్టిన పెళ్లి బట్టలు తొడిగి, నిఖా జరిపించారు. అవమానపడిన సయ్యద్ సుల్తాన్ తన పెళ్లి సంబరానికి సిద్ధం చేసినవన్నీ తగలబెట్టి మొగలుల వైపు వెళ్లిపోయాడట. గురువు షా రాజూ ఒక దానిమ్మపండు ఇచ్చి శిష్యుడికి రాజయోగం ముందే చెప్పాడని నగర జనం ఈనాటికీ చెప్పుకుంటారు. తవెర్నియే మాత్రం ఈ నాటకమేమీ చెప్పడు. మూడో రాకుమార్తెను రాజబంధువు అబుల్ హసన్‌కిచ్చి చేశారని, దానితో ఔరంగజేబు కొడుక్కి ఇచ్చిన మాట రద్దయిందని సూటిగా రాశాడు. లోపలి రాజకీయానికి ఆ వ్యాపారి మాటే దగ్గరగా ఉంది. మొగల్ అల్లుడికి గద్దె దక్కకూడదంటే ఇంటి రక్తమున్న అల్లుడు ఒకడు కావాలి. అబుల్ హసన్‌లో గోల్కొండ సర్దారులు చూసింది అదే.

1672 ఏప్రిల్ 21న అబ్దుల్లా చనిపోయాడు. ముగ్గురు అల్లుళ్లలో ఒకడు గ్వాలియర్ చెరలో ఉన్నాడు. మిగిలిన ఇద్దరి మధ్య పోరు మహలు గుమ్మంలోనే మొదలైంది. నిజాముద్దీన్‌కు అధికారం అలవాటు, దానితోపాటు అహంకారమూ ఉందన్నారు. సర్దారులు అతనితో విసిగిపోయి ఉన్నారు. అబుల్ హసన్ మెత్తనివాడు, అందరితో కలిసిపోయేవాడు. సేనాపతి సయ్యద్ ముజఫర్ అతని పక్షం వహించాడు. మహలు తలుపులు మూసి పెద్దల్లుడి మనుషులు అడ్డుకుంటే, లోపల పెద్ద రాకుమార్తె తానే కత్తి దూసి దాసీలను వెంటబెట్టుకుని నిలబడిందని చెబుతారు. హయాత్ బక్షీ మనవరాలు కదా. కానీ బలం చాలలేదు. నిజాముద్దీన్ బందీ అయ్యాడు. షా రాజూ శిష్యుడు గద్దెనెక్కాడు. జనం అతన్ని తానాషా అని పిలుచుకున్నారు.

ఈ అరవై ఏళ్ల కథలో కుతుబ్ షాహీ గద్దె రెండుసార్లు అల్లుళ్లకు దక్కింది, 1612లో ఒకసారి, 1672లో ఒకసారి. రెండుసార్లూ దాన్ని తెచ్చిపెట్టింది ఇంటి ఆడపిల్లలు. పాదుషాల వరసలో ఎనిమిది పేర్లు రాస్తారు. రాజ్యాన్ని నడిపిన తీరు చూస్తే ఆ వరసలో హయాత్ బక్షీ బేగం పేరూ ఉండాలి. గోల్కొండ సమాధుల తోటలో ఆమె గోపురం రాజుల గోపురాల సరసన అంతే హుందాగా నిలిచింది. పక్కనే 1666లో కట్టిన పెద్ద మసీదు ఉంది. అదే తోటలో పూర్తికాని సమాధి ఒకటి కనిపిస్తుంది. దాన్ని తానాషా తన కోసం మొదలుపెట్టాడని, అందులో చివరికి ఖననమైంది అతని చేతిలో ఓడిన పెద్దల్లుడు నిజాముద్దీన్ అహ్మద్ అని చెబుతారు. తానాషా సమాధి హైదరాబాదులో లేదు, మహారాష్ట్రలోని ఖుల్దాబాద్‌లో ఉంది.

అక్కడికి అతను ఎలా చేరాడన్నది తర్వాతి భాగాల కథ. పట్టాభిషేకం జరిపించిన సయ్యద్ ముజఫర్‌ను కొద్దికాలానికే పక్కకు నెట్టి, అతని దగ్గర లెక్కలు రాసిన మాదన్న ప్రధాని అయ్యాడు. సోదరుడు అక్కన్న అతనికి తోడయ్యాడు. ఆ అన్నదమ్ముల ఎదుగుదల, భద్రాచలం తహసీల్దారు కంచెర్ల గోపన్న చెర, 1686లో గోల్కొండ వీధుల్లో జరిగిన హత్యలు పదో భాగంలో.